గట్టు మీది గాజు

దయ్యాల కథలు చెప్పేవారికి మా ఇంట్లో ఏనాడూ కుర్చీ వేయలేదు. ఉన్నత పాఠశాలలో భూగోళశాస్త్రం బోధించి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాడిని. మా చర్చి సంఘపెద్దగా నేటికీ బాధ్యత వహిస్తున్నాను. మరణించినవారు దేవుని సన్నిధిలో విశ్రాంతి పొందుతారని నమ్మేవాడికి, వారు ఇళ్ళ చుట్టూ తిరుగుతారని నమ్మవలసిన అగత్యం లేదు. పాఠశాలలో నేర్చినదీ, ఆరాధనలో నేర్చినదీ ఈ ఒక్క విషయంలో నాకు ఒకే మాట చెప్పాయి.

ఆ అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. మారకుండానే దీన్ని రాస్తున్నాను. మా ఇంట్లో ఒక మధ్యాహ్నం జరిగినదానికి నాకు తెలిసిన కారణాలన్నీ వెతికాను. ఏదీ సరిపడలేదు. చూసినంతవరకే రాస్తాను, చూడనిదాన్ని కలపను.

మేముండేది మైదుకూరులో. రాతిగోడల పాత ఇల్లు, నేలంతా కడప బండలు. నడిమింట్లో గోడలోకి కట్టిన అలమార ఒకటి ఉంది. దాని తలుపులు టేకువి, లోపలి అరలు మాత్రం నల్లటి కడప బండలే. తరగతిలో ఏటా పిల్లల చేత ఇలాంటి బండ మీద చేయి పెట్టించి చెప్పేవాణ్ణి: ఇది ఒకప్పటి సముద్రపు అడుగు, బురద పొర మీద పొరగా పేరుకుని, యుగాల తర్వాత రాయి అయింది అని. పిల్లలు నవ్వేవారు. తాగే నీటికి ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే సీమలో సముద్రమేమిటని వారి నవ్వు.

నవ్వనిది మా ఎస్తేరు ఒక్కతే. మాకు ఒక్కగానొక్క కూతురు. ఆ పాఠం విన్న రోజు ఇంటికి వచ్చి, వంగి, నాలుక కొనతో నేల బండను తాకి చూసింది.

"ఉప్పగా లేదే నాయనా?" అని అడిగింది.

ఉప్పు ఎన్నడో కడుక్కుపోయిందని చెప్పాను. నా మాట మీద ఆమెకు పూర్తిగా నమ్మకం కుదరలేదని ముఖం చూస్తే తెలిసింది.

ఎస్తేరు ఈత నేర్చుకున్నది మా సొంత ఊళ్ళో, ఎద్దులతో కపిల తోలి నీళ్ళు తోడే రోజుల నాటి ఒక పెద్ద బావిలో. వీపుకు సొరబుర్ర కట్టి నా బావమరిది దింపాడు. వారం తిరగకముందే బుర్ర విప్పేసింది. ఈదడం కంటే మునగడం ఆమెకు ఇష్టం. ఊపిరి బిగబట్టి అడుగుకు పోయి, గుప్పెడు బురద తెచ్చి గట్టున చూపించేది.

మా వైపు బావుల్లో మునిగేవారికి ఒక కట్టుబాటు ఉంది. బిందె పడిపోయిందనో, చేద జారిపోయిందనో ఎవరైనా లోపలికి దిగవలసి వస్తే, దిగే మనిషి తన ఒంటి మీది వస్తువు ఒకటి గట్టున ఉన్నవారి చేతికి ఇచ్చి దిగుతాడు. మొలతాడో, ఉంగరమో, గాజో. దాన్ని కుదువ అంటారు. పైకి వచ్చాక ఆ వస్తువును ఎవరూ అందించకూడదు. వచ్చినవాడే తడిచేత్తో తీసుకోవాలి. అంతదాకా కుదువ పట్టుకున్న మనిషి గట్టు విడిచి కదలకూడదు. వస్తువు గట్టున ఉందంటే మనిషి ఇంకా నీళ్ళలో ఉన్నట్టు లెక్క. బావులు తవ్వేవారు పెట్టిన పద్ధతి అంటారు. ఇందులో మూఢత్వమేమీ నాకు కనిపించలేదు. లోపల ఒక మనిషి ఉన్నాడన్న సంగతి పైవాళ్ళు మరిచిపోకుండా చేసిన మంచి క్రమమే అది.

ఒకసారి మా ఊరి శెట్టిగారి భార్య ఇత్తడి బిందె మంచినీళ్ళ బావిలో పడింది. నా చిన్నతనంలో మా వాడవాళ్ళు ఆ బావి గట్టు ఎక్కకూడదు. దూరాన కుండలు పెట్టుకుని, ఎవరైనా పోస్తారని నిలబడేవాళ్ళం. ఆ బావిలోకి దిగమని నా కూతురి కోసం మనిషిని పంపారు. నేనూ వెంట వెళ్ళాను.

"పాపా, నా బిందె తెస్తివంటే నీకు బొరుగుల ఉండలు చేసి పెడతా" అంది శెట్టిగారి భార్య.

ఎస్తేరు చేతి నుంచి ఎర్ర గాజు తీసి ఆమె అరచేతిలో పెట్టింది. "ముందర ఇది పట్టుకో అవ్వా. నేనే తీసుకుంటా, నువ్వు ఇయ్యద్దు."

"అబ్బో! నీ గాజు నేనేం మింగనులే!"

"మింగితే మింగుదువు గానీ, ఈడనుంచి కదలద్దు."

గట్టు మీది ఆడవాళ్ళందరూ నవ్వారు. బిందె వచ్చింది. కాకపోతే పైకి లాగే సమయంలో బిందె అంచుకూ మెట్టు రాయికీ మధ్య ఎస్తేరు కుడిచేతి చిటికెన వేలు నలిగింది. కట్టు కట్టించినా ఆ వేలు కుదురుగా అతుక్కోలేదు. మిగతా వేళ్ళకు ఎడంగా, బయటికి వంగి నిలిచిపోయింది. ఆ రోజు రక్తం కారుతున్న ఆ తడిచేత్తోనే శెట్టిగారి భార్య అరచేతిలోంచి గాజు తీసుకుంది.

పెద్దయ్యాక ఎస్తేరు కర్నూలులో జంతుశాస్త్రం, విశాఖపట్నంలో సముద్ర జీవశాస్త్రం చదివింది. లక్షద్వీపాల్లో పగడపు దిబ్బలను లెక్కగట్టే పనిలో చేరి, వీపున గాలి సిలిండరు కట్టుకుని మునగడం అక్కడ నేర్చుకుంది. ఆ తర్వాత అదే వృత్తి అయింది. కొత్తవారికి నేర్పడం, వచ్చిన అతిథులను లోపలికి తీసుకుపోయి చూపించి, క్షేమంగా పైకి తేవడం. పెళ్ళి మాట ఎత్తితే, "నీళ్ళలో సంబంధం చూడు నాయనా" అని నవ్వేసేది.

ఆదివారం ఆరాధన ముగిసి మేము ఇంటికి చేరేసరికి ఫోను మోగేది. నేను గోడ మీద ప్రపంచ పటం తగిలించి, ఆమె పని చేసిన చోటల్లా ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టేవాణ్ణి. లక్షద్వీపాలు, అండమాన్, ఎర్ర సముద్రం, ఇండోనేషియా, చివరికి మాల్దీవులు. పటంలో నీలిరంగు తప్ప మరేమీ లేని చోట్ల ఆమె నాకు ఊళ్ళూ వీధులూ చూపించింది.

ఎర్ర సముద్రం అడుగున పాత యుద్ధంలో మునిగిన ఓడ ఒకటి ఉందట. దాని పొట్టలో లారీలు, మోటారు సైకిళ్ళు ఇంకా నిలబెట్టినవి నిలబెట్టినట్టే ఉన్నాయట. "లారీ క్యాబిన్లో చేపలు కాపురం చేస్తాండాయి నాయనా. నేను తొంగిచూస్తే, ఎవరమ్మా నువ్వు అన్నట్ల చూస్తాయి" అంది. ఇండోనేషియాలో వేరుశెనగ విత్తంత సముద్రపు గుర్రం, తాను అంటిపెట్టుకున్న పగడపు కొమ్మ రంగే ఒంటికి పూసుకుని ఉంటుందని చెప్పింది. చిలుక ముక్కు వంటి నోరున్న చేపలు పగడాన్ని కొరికి నమిలి, పిండి చేసి వదులుతాయనీ, ఆ దీవుల తెల్లటి ఇసుకలో చాలా భాగం అదేననీ చెప్పినప్పుడు నా భార్య సుగుణమ్మ ఫోను దగ్గరికి జరిగి వింటోంది.

"ఛీ! దాని మీదనా అందరూ దుప్పట్లు పరుచుకొని పండుకునేది?" అంది సుగుణమ్మ. తల్లీ కూతుళ్ళు ఇద్దరూ చాలాసేపు నవ్వారు.

మాల్దీవుల్లో మాంటా అనే టేకు చేపల పెద్దజాతి ఒకటి ఉంటుంది. చాప పరిచినంత రెక్కలు. అవి ఒక దిబ్బ దగ్గరికి వచ్చి కదలకుండా నిలబడితే, వేలెడంత చేపలు వాటి ఒంటి మీది పురుగులను ఏరి శుభ్రం చేస్తాయట. "మన బజారులో క్షవరం అంగడి కాడ కూర్చున్నట్ల, వంతు వచ్చేదాకా నిలబడతాయి నాయనా. ఒకటి కూడా తోసుకోదు. నీకు శానా నచ్చుతుంది" అంది. వరుస తప్పని ప్రాణులు కనుక నాకు నచ్చుతాయని ఆమె వేళాకోళం.

ఎక్కడికి వెళ్ళినా కుదువ మానలేదు. పడవ మీద నుంచి దూకే ముందు ఎర్ర గాజు తీసి పడవ నడిపేవాని చేతికి ఇచ్చేది. లోపల దిగేకొద్దీ రంగుల్లో మొదట ఎరుపే మాయమవుతుందనీ, లోతున వేలు తెగితే రక్తం కూడా ఆకుపచ్చగా కనబడుతుందనీ ఆమె వల్లనే తెలిసింది. "లోపల ఎట్లాగూ ఎరుపు కనపడదు. గట్టు మీదనే ఉండనీ" అనేది. సముద్రంలో పడవే గట్టు.

ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు ముగ్గురం బెలుం గుహలకు వెళ్ళాం. పైకప్పు నుంచి వేలాడే సున్నపు రాళ్ళను చూసి ఎస్తేరు నిలిచిపోయింది. ప్రపంచంలో కొన్నిచోట్ల సముద్రం అడుగున ఇవే గుహలు, ఇవే వేలాడే రాళ్ళు ఉన్నాయనీ, గాలిలో చుక్క చుక్కగా కారితే తప్ప ఇవి ఏర్పడవు కాబట్టి అవి ఒకప్పుడు పొడినేల అనీ చెప్పింది. "ఆడ నేల మునిగింది, ఈడ సముద్రం లేచింది. రెండూ ఒకటే ఇల్లు నాయనా, గది మారిండాది అంతే."

ఆ రోజే తల్లికి ఇంకొక సంగతి కూడా చెప్పింది. సుగుణమ్మ భయపడుతూ, లోపల ఏమైనా అయితే గబాలున పైకి వచ్చేయమని అడిగింది. అలా రాకూడదని ఎస్తేరు వివరించింది. ఒత్తిడికి ఒంట్లో కలిసిన గాలి మెల్లగా బయటికి పోవాలి. అందుకని పడవ నీడ కనబడేటంత దగ్గరికి వచ్చి, అక్కడ కాసేపు కదలకుండా ఆగాలి. "పైన మనుషులు కనపడతాంటారు మా. కానీ ఆగల్ల. ఆగినాకనే రావల్ల." సుగుణమ్మ ఆ మాట గుండెలో దాచుకుంది. ఎంతగా దాచుకుందో నాకు తర్వాత తెలిసింది.

వర్షాలు వరుసగా తప్పిన ఆ ఏళ్ళలోనే, ఒక ఆదివారం ఫోను మోగలేదు. మరునాడు మోగింది. మాట్లాడింది ఎస్తేరు కాదు.

మాల్దీవుల్లో రెండు దీవుల నడుమ సన్నని కాలువ వంటి చోట ఆటుపోట్లకు నీరు నది లాగా ప్రవహిస్తుందట. ఆ ప్రవాహానికి ఎదురుగా సొర చేపలు గుంపుగా నిలుస్తాయి. వాటిని చూడటానికి రాతి అంచును పట్టుకుని వేలాడాలి. అతిథి ఒకరి పట్టు తప్పింది. నీరు అతన్ని అడుగుకు ఈడ్చుకుపోతుంటే ఎస్తేరు రాతి అంచు వదిలి అతని వెనకాల పోయింది. అతన్ని పట్టుకుని పైన ఉన్న తోటివారికి అందేటంత వరకూ తెచ్చింది. అతను బతికాడు. ఆమెను నీరు తిప్పి తీసుకుపోవడం చూసినవారు ఉన్నారు. తర్వాత చూసినవారు లేరు. పడవలు, చివరికి విమానం కూడా వెతికాయి. ఎవరి లోపమూ లేదు. ఆ విషయం నేను అడిగి తెలుసుకున్నాను.

కొన్ని వారాల తర్వాత ఎస్తేరు తోటి ఉద్యోగిని ఒకామె మైదుకూరుకు వచ్చింది. తూత్తుకుడి అమ్మాయి, పేరు జెసింత. బట్టలు, ఫొటోలు తెచ్చింది. అన్నిటికంటే అడుగున తెల్లగుడ్డలో చుట్టిన ఎర్ర గాజు ఉంది. ఆ రోజు దూకే ముందు ఎస్తేరు పడవ నడిపే పెద్దాయనకు ఇచ్చినది. ఆయన దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదట. ఎన్నో రోజులు పడవలోనే ఉంచుకుని, పడవ ఎప్పుడు ఆ కాలువ పక్కగా పోయినా నీటి వైపు చేయి చాపి గాజు చూపేవాడట. చివరికి, ఇక ఇది తల్లి దగ్గర ఉండవలసినదని ఒప్పుకుని పంపాడు.

జెసింత గుడ్డను అలాగే అలమారలో బండ మీద పెట్టి విప్పింది. చేతికి మాత్రం అందించలేదు. పద్ధతి ఎస్తేరు వారికి అంత బాగా నేర్పింది.

సుగుణమ్మ ఏడవలేదు. "దిగిన బిడ్డ ఇంకా పైకి రాలేదు. కుదువ ఈడనే ఉండాది" అంది. ఆ రోజు నుంచి ఆమె ఇల్లు కదలలేదు. గట్టు మీద మనిషి ఉండాలి కదా. బజారు మానింది, ఆరాధనకు రావడం మానింది, పుట్టింట్లో పెళ్ళికి పోలేదు. అలమారకు ఎదురుగా మంచం వేయించుకుంది.

నాకు క్రమం కావాలి. దుఃఖానికి కూడా ఒక క్రమం ఉంటుంది. కన్నీరు, ప్రార్థన, సమాధుల తోటలో ఒక రాయి, దాని మీద పేరు. దేహం దొరకనివారికి జ్ఞాపకార్థ కూడిక జరిపే ఆచారం మా సంఘంలో ఉంది. పాస్టరుగారు రెండుసార్లు వచ్చి అడిగారు. సుగుణమ్మ ఒప్పుకోలేదు.

"పైకొచ్చే ముందర ఆగల్లంట అయ్యగారూ. అదే చెప్పింది. ఆగిండాది. మీరు పేరు చెక్కిస్తే, రేపు వచ్చి చూసి ఏమనుకుంటుంది?"

పాస్టరుగారు నా వైపు చూశారు. ఒత్తిడి, వాయువు, ఆగవలసిన నాలుగైదు నిమిషాలు, ఇవన్నీ నాకు తెలుసు. భార్యకు చెప్పలేదు.

రాయచోటి నుంచి నా చెల్లెలు దీనమ్మ వచ్చింది. నోటి దురుసు మనిషి, మనసు మంచిది. "ఏం వదినా, గాజుకు కాపలా కాస్తాండావా? నువ్వు కూడా అట్లే ఎండిపోతే మా అన్నకు ఎవరు కాపలా? ఇయ్యి, ఏ ఏట్లోనో వేసొస్తా" అంటూ అలమార వైపు చేయి చాచింది.

"ముట్టుకో, చెప్తా" అంది సుగుణమ్మ. అంత మెల్లగా, అంత కఠినంగా ఆమె మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. దీనమ్మ చేయి వెనక్కి తీసుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ రోజే అలమారకు తాళం వేశాను. దానికి ఒకటే తాళంచెవి. అది నా చొక్కా లోపలి జేబులో ఉండేది. చూడాలని సుగుణమ్మ అడిగితే తీసేవాణ్ణి, మళ్ళీ వేసేవాణ్ణి.

ఏడవని మనిషి లోపల్లోపల కరిగిపోవడం కళ్ళారా చూశాను. ఆమె గాజులు మోచేతి దాకా జారేవి. డాక్టరు జబ్బేమీ లేదన్నాడు. ఆ ఎండాకాలం దాటుతుందన్న నమ్మకం నాకు లేకపోయింది.

మంచి శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నపు దీర్ఘారాధనలో క్రీస్తు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో దాహాన్ని గురించిన మాట మీద ప్రసంగం నా వంతు. ఉదయం సుగుణమ్మ తానుగా అడిగింది.

"నేనూ వస్తా. ఈ పొద్దు రాకుంటే తప్పవుతుంది. అయితే గట్టు?"

"తాళంచెవి నా దగ్గర ఉంటుంది. గట్టు మనతోనే ఉన్నట్టు" అన్నాను. మాట నిలకడగా అన్నాను గాని, ఆమె తెల్లచీర కట్టుకోవడం చూసి నా కళ్ళు తడిశాయి.

అలమార తెరిచి, గుడ్డ మీద గాజు ఉండటం ఇద్దరం చూశాం. తాళం వేశాను. కిటికీలు మూశాను. వీధి తలుపుకు తాళం వేసి ఆ చెవి కూడా అదే జేబులో పెట్టుకున్నాను. ఆరాధనలో స్త్రీల వైపు మూడవ వరుసలో సుగుణమ్మ కూర్చుంది. పెద్దలు కూర్చునే వేదిక మీద నుంచి నాకు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. ఆమె ఒక్కసారి కూడా లేవలేదు. ఇద్దరం కలిసే తిరిగి వచ్చాం.

వీధి తాళం వేసినది వేసినట్టే ఉంది. తలుపు తెరవగానే మొదట తెలిసినది చల్లదనం. ఎండకు పెనం లాగా కాలే ఇల్లు అది. ఆ రోజు నడిమిల్లు కడిగి ఆరబెట్టినట్టు చల్లగా ఉంది.

"నీళ్ళు యాడివి?" అంది సుగుణమ్మ.

అలమార తలుపుల కింది అంచు నుంచి నీరు బొట్టు బొట్టుగా కారుతోంది. కింద నేల బండ మీద చిన్న మడుగు కట్టింది. గదిలో మరెక్కడా తడి లేదు. వీధి గడప పొడిగా ఉంది. వంటిల్లు, పెరడు పొడిగా ఉన్నాయి. ఆ వారం కొళాయి రానేలేదు. మా ఇంట్లో ఉన్న నీళ్ళన్నీ మూతపెట్టిన రెండు బిందెలు. చూశాను, అవి నిండుగానే ఉన్నాయి.

తాళం తీశాను. తెల్లగుడ్డ తడిసి ముద్దగా ఉంది. గాజు లేదు. గుడ్డ పక్కన నల్లటి బండ మీద ఒక చేయి ఆనించిన తడి గుర్తు ఉంది. బరువు మోపి నిలబడినవారి చేయి అది. అరచేయి, ఐదు వేళ్ళు.

నేను చేసినవి చెబుతాను. వేలితో తాకి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. మా వైపు బోరు నీళ్ళ చప్పటి ఉప్పదనం నాకు బాగా తెలుసు. ఇది అది కాదు. లక్షద్వీపాలకు ఒకసారి మమ్మల్ని పిలిపించుకున్నప్పుడు ఎస్తేరు నన్ను మెడ దాకా నీళ్ళలోకి దింపింది. ఆ రోజు నోట్లోకి పోయిన నీళ్ళ రుచి ఇది.

అలమార వెనుక గోడ పక్కింటివారి శెనక్కాయల గిడ్డంగి. వారిని అడిగి లోపలికి పోయి చూశాను. గోడ ఎండి పగుళ్ళు తేలి ఉంది. పైకప్పులో పైపులు లేవు. వాన పడి నెలలు దాటింది. గోడకు చౌడు పట్టి తేమ ఊరిందా అని గీకి చూశాను. లేదు. గాజు జారి పడిందేమోనని అలమార మొత్తం ఖాళీ చేశాను. ఇల్లంతా ఊడ్చి చూశాను. ముక్క కూడా దొరకలేదు. నా భార్యను కూడా మనసులో అనుమానించాను. ఆ ఆరాధనలో నా కళ్ళ ముందు నుంచి ఆమె కదలలేదన్నది ఒక్కటే ఆ అనుమానానికి జవాబు.

ఎండిన తర్వాత బండ మీద తెల్లగా మిగిలిన పొరను కొంచెం గోకి, కడపలో రసాయనశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నా మిత్రుడికి చూపించాను. సముద్రపు ఉప్పేనన్నాడు. వెంటనే, "అయితే ఏమప్పా, అంగట్లో అమ్మే కల్లుప్పు కూడా సముద్రందే గదా" అన్నాడు. నిజమే. అది సాక్ష్యం కాదు.

ఇవన్నీ నేను తర్వాత చేసిన పనులు. ఆ మధ్యాహ్నం మాత్రం, నేను తాళం తీసి పక్కకు తప్పుకోగానే సుగుణమ్మ ముందుకు వచ్చింది. ఖాళీ గుడ్డను చూసింది. చేతి గుర్తును చూసింది.

"తడిచేత్తోనే తీసుకునింది" అంది.

నేను తాళంచెవి జేబులో పెట్టుకున్నాను.

"మనం లేనప్పుడే వచ్చిండాది చూడయ్యా. ఉంటే పోనియ్యం గదా అని."

అప్పుడు ఏడ్చింది. నేల మీద ఆ చిన్న మడుగు పక్కనే కూర్చుని, రెండు చేతులూ తడిలో ఆనించి, ఇన్ని నెలల ఏడుపూ ఏడ్చింది. ఇరుగుపొరుగు వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయారు. నేను వారిని పంపివేశాను. ఆమెను ఆపలేదు. తలుపు దగ్గరికి వేసి, ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. మేము ఇద్దరం అలా నేల మీద కూర్చోవడం మా పెళ్ళయిన తర్వాత అదే మొదలు అనుకుంటాను.

సాయంత్రం మొహం కడుక్కుని, అన్నం వడ్డించుకుని తిన్నది. "పాస్టరుగారికి చెప్పు. కూడిక పెట్టిద్దాం. రాయి మీద పేరు చెక్కించు. పైకొచ్చేసింది, ఇంక నీళ్ళలో లేదు" అంది.

కూడిక జరిగింది. జెసింత వచ్చింది. సమాధుల తోటలో కడప బండ మీద ఎస్తేరు పేరు చెక్కించాం. దాని కింద ఏమీ లేదు. సుగుణమ్మ ఇప్పుడు ఆరాధనకు వస్తోంది, బజారుకు పోతోంది, దీనమ్మతో జగడమాడి మళ్ళీ కలుస్తోంది. నా పటం గోడ మీదే ఉంది. చివరి ఎర్ర చుక్క దగ్గర నేను ఎక్కువసేపు నిలబడను.

అలమారలో ఆ అరను ఎవరూ తుడవకూడదు. నల్లటి బండ మీద తెల్లని ఉప్పు గీతలు ఉన్నాయి. ఆకాశం మబ్బు పట్టిన రోజు ఆ గీతలు చెమ్మగిల్లి, చేయి మళ్ళీ తడిగా తేలుతుంది. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఇందులో వింత లేదు, ఎవరు అడిగినా వివరించగలను. అలాంటి రోజుల్లో సుగుణమ్మ అలమార తెరిచి, తన అరచేతిని ఆ గుర్తుకు పక్కగా, తగలకుండా, పెట్టుకుని నిలబడుతుంది. నేను చూడనట్టు పేపరు చదువుతాను.

ఒకసారి ఆమె ఇంట్లో లేనప్పుడు నేనూ తెరిచి చూశాను. తడి వ్యాపించేటప్పుడు గుర్తులు వంకరపోవడం సహజమని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పటికీ అదే చెప్పుకుంటున్నాను. నాలుగు వేళ్ళు దగ్గర దగ్గరగా ఉన్నాయి. చిటికెన వేలు ఒక్కటే ఎడంగా, బయటికి వంగి ఉంది.